ప్రశ్నలు – జవాబులు: బంతి ముట్టని 78వ నంబరు

పోయిన నెల ఈ శీర్షికలో మాటల సందర్భంలో ఒక వాక్యం రాశాను. అమెరికన్ ఫుట్‌బాల్ చూసేటప్పుడు నేను బంతి వైపు చూడననీ, ముందు వరసలో వంగి నిలబడే ఐదుగురినే చూస్తాననీ, అలా చూడటం నాకు అలవాటు చేసింది సిన్సినాటీ బెంగాల్స్ 78వ నంబరు ఆటగాడు ఆంథనీ మున్యోజ్ అనీ. ఆ ఒక్క వాక్యం మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈ నెల చోటంతా వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా మనవడికి పదిహేనేళ్ళు. ఒహాయోలో స్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు. మా అమ్మాయి వీడియో కాల్‌లో మ్యాచ్ చూపించింది. రెండు గంటలు చూశాను. వాడి చేతికి బంతి ఒక్కసారి కూడా రాలేదు. అస్తమానం ఎవరినో తోస్తూనే ఉన్నాడు. వాణ్ణి నిజంగా ఆడిస్తున్నట్టా, ఊరికే నిలబెట్టినట్టా? – ఒక అమ్మమ్మ, తెనాలి

అక్కయ్యగారూ, ఆడిస్తున్నారు. ఆ ఆటలో అందరికంటే ఎక్కువ ఓపిక కావలసిన చోట నిలబెట్టారు.

ఒక్కో వైపు పదకొండు మంది ఉంటారు. బంతి ఉన్న జట్టుకి ముందు వరసలో ఐదుగురు. నడిమధ్య సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, రెండు చివర్లా ట్యాకిల్స్. ఈ ఐదుగురినీ కలిపి ఆఫెన్సివ్ లైన్ అంటారు. సెంటర్ తన కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు. వెనక క్వార్టర్‌బ్యాక్ దాన్ని అందుకుని, ఎవరికి విసరాలో చూసుకోవాలి. అతనికి దొరికేది మహా అయితే మూడు సెకన్లు. అవతలి వాళ్ళు అతని మీద పడకుండా ఆ మూడు సెకన్లు సంపాదించి పెట్టడమే మీ మనవడి పని. బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి దారి చేసి పెట్టడం కూడా వీళ్ళ పనే. ఈ ఐదుగురికీ మామూలుగా బంతి విసరరు, విసరడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి బంతి రాలేదని బాధపడకండి.

ఇది నాకూ ఎవరో చెబితేనే తెలిసింది. నేను సిన్సినాటీ వచ్చింది 1981 సెప్టెంబరులో. పెళ్ళయి మూడు నెలలు. మావారు యూనివర్సిటీ ఆఫ్ సిన్సినాటీలో చదువుకుంటున్నారు. క్లిఫ్టన్‌లో ఒక పాత ఇంట్లో మేము పై వాటాలో ఉండేవాళ్ళం. కింది వాటాలో ఒక్కతే ఉండే పెద్దావిడని నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆవిడకి ఆ పిలుపు అర్థం చెప్పాక, వేరే ఎలా పిలిచినా ఊరుకునేది కాదు.

1982 జనవరి 10, ఆదివారం. పొద్దున్నే కిటికీ అద్దానికి లోపలి వైపు మంచు కట్టింది. పెద్దమ్మ పైకొచ్చి, మీ గదిలో చలి ఎక్కువ, కిందికి రండి, మ్యాచ్ చూద్దాం అంది. ఆ రోజు మా ఊళ్ళో నదీ తీరాన రివర్‌ఫ్రంట్ స్టేడియంలో బెంగాల్స్‌కీ శాన్ డియాగో చార్జర్స్‌కీ పోటీ. గెలిచినవాళ్ళు సూపర్ బౌల్‌కి, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వృత్తి ఆటగాళ్ళ లీగ్ ఫైనల్‌కి, వెళ్తారు. ఉష్ణోగ్రత సున్నాకి ఇరవై మూడు డిగ్రీల కింద, మన సెల్సియస్ లెక్కలో. పైన ఈదురుగాలి. టికెట్లు కొనుక్కుని కూడా వేలమంది ఇంట్లో ఉండిపోయారు. ఆ చార్జర్స్ జట్టు వారం కిందటే మయామీ ఉక్కలో అదనపు సమయం దాకా ఆడి గెలిచి వచ్చింది. మయామీ నుంచి ఈ చలికి! ఆ మ్యాచ్‌ని ఇప్పటికీ ఫ్రీజర్ బౌల్ అనే పిలుస్తారు.

నేను శాలువా మీద శాలువా కప్పుకుని సోఫాలో కూర్చున్నాను. బెంగాల్స్ లైన్ బయటికొచ్చింది. వాళ్ళ చొక్కాలకి చేతులు లేవు. మోచేతుల పైదాకా ఒట్టి చర్మం. వాళ్ళు ఊపిరి వదిలితే ఆవిరి వస్తోంది. నాకు భయమేసి, వాళ్ళకేమైనా అయితే ఎలా అన్నాను. పెద్దమ్మ టీవీ అద్దం మీద వేలు పెట్టి ఎడమ చివర వంగి ఉన్నవాణ్ణి చూపించింది. "బంతిని చూడకు. వాణ్ణి చూడు. 78. మ్యాచ్ అయ్యేదాకా వాణ్ణే చూడు" అంది.

చూశాను. మున్యోజ్‌కి అప్పటికి ఇరవై మూడేళ్ళు, లీగ్‌లో రెండో ఏడు. ఆరున్నర అడుగుల మనిషి, నూట పాతిక కిలోల పైన బరువు. బంతి కదిలిన ప్రతిసారీ అతను ఒకడికి ఎదురు నిలబడేవాడు. ఆ ఒక్కడు ఇక మనకి కనపడేవాడు కాదు. అంతే. మరుసటి ఆటకి మళ్ళీ వచ్చి వంగేవాడు. బెంగాల్స్ 27–7తో గెలిచారు. స్కోరు ఎలా వచ్చిందో నాకు గుర్తులేదు, తర్వాత చదువుకుని తెలుసుకున్నదే. గుర్తున్నది ఆ చేతులు.

కాబట్టి ఈసారి మీ మనవడు ఆడుతుంటే వాడి ఎదురుగా ఉన్న కుర్రాడి నంబరు గుర్తు పెట్టుకోండి. ఆ నంబరు కుర్రాడు మీవాళ్ళ క్వార్టర్‌బ్యాక్‌ని ఎన్నిసార్లు ముట్టుకున్నాడో లెక్కపెట్టండి. ఫోన్‌లో వాణ్ణి అడగవలసింది కూడా అదే. "ఎదురుగా ఉన్నవాడు ఎలాంటివాడు?" అని అడిగి చూడండి, మీ మనవడు ఎంతసేపు మాట్లాడతాడో.

ప్రశ్న: నేను కబడ్డీ ఆడతాను. కార్నర్ డిఫెండర్‌ని. మాకు పట్టుకి పాయింటు వస్తుంది, పేరు వస్తుంది. మీరు చెప్పే ఆయనకి పాయింట్లే లేకపోతే గొప్పవాడని ఎలా తేల్చారు? అసలు ఆయన చేసే పనిలో ఒడుపేమిటి? – డిగ్రీ విద్యార్థి, వరంగల్

బాబూ, నీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను, ఎందుకంటే నీకు సగం జవాబు తెలుసు. నువ్వు చేసేదానికి ఇది అద్దంలో బొమ్మ లాంటిది. కూతకొచ్చినవాణ్ణి నువ్వు పట్టుకోవాలి. లైన్‌మన్ పట్టుకోకూడదు. చొక్కా గుంజినా, చెయ్యి చుట్టేసినా జరిమానా. జట్టు మొత్తం పది గజాలు వెనక్కి పోవాలి. మనం చీర కొలిచే గజమే అది, మూడడుగులు. పది గజాలంటే ఆ ఆటలో ప్రాణం పోయినంత పని. అంటే, పూర్తి వేగంతో మీదికొచ్చే నూట ఇరవై కిలోల మనిషిని, పట్టుకోకుండా ఆపాలి.

పాదాలతో మొదలుపెట్టు. మున్యోజ్ ఆడింది లెఫ్ట్ ట్యాకిల్. కుడికాలు కాస్త ముందుకి, ఎడమకాలు కాస్త వెనక్కి, ఒక చెయ్యి నేల మీద. బంతి కదలగానే ఎడమకాలితో వెనక్కీ పక్కకీ ఒక అడుగు జరుగుతాడు, కుడికాలు దాని వెంటే నేల రాసుకుంటూ వస్తుంది. రెండు పాదాలూ ఎప్పుడూ దగ్గరికి రాకూడదు, ఒకదాన్నొకటి దాటకూడదు. దాటితే ఒక్క తోపుకి వెల్లకిలా పడతాడు. ఇది నీకు కొత్త కాదు, మూలన నిలబడి రైడర్‌తో పాటు జరిగేటప్పుడు నీ కాళ్ళు చేసేదీ ఇదే. మోకాళ్ళు వంగి ఉండాలి, నడుము కిందికి, తల వెనక్కి. ముందుకి వాలాడా, అవతలివాడు భుజం పట్టి లాగేసి దాటిపోతాడు.

ఇక చేతులు. అరచేతులు తెరిచి, మోచేతులు పక్కటెముకలకి దగ్గరగా పెట్టి, కింది నుంచి పైకి ఎదుటివాడి రొమ్ము మీద వెయ్యాలి. రెండు చేతులూ వాడి భుజాల వెడల్పు లోపలే ఉండాలి. తొందరపడి ముందే వేస్తే వాడు చేతులు కొట్టేసి పోతాడు. ఆలస్యమైతే వాడి చేతులే ముందు పడతాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న రెప్పపాటే లైన్‌మన్ చదువంతా. లైన్‌మన్ చేతులు పూర్తిగా చాపి, అరచేతులు తెరిచి ఆపవచ్చని లీగ్ నిబంధనలు మార్చింది 1978లో. అంతకుముందు అలా చాపే స్వేచ్ఛ లేదు. మున్యోజ్ 1980లో వచ్చాడు. ఆ కొత్త నిబంధన ఎవరి కోసం రాశారా అంటే అతన్ని చూపించొచ్చు, అంత పొడవు చేతులు, అంత తేలిక పాదాలు. ఆ పాదాలు బేస్‌బాల్ నుంచి వచ్చాయంటాను నేను. చిన్నప్పుడు పిల్లల ఫుట్‌బాల్ లీగ్‌లోకి, మరీ పెద్దవాడివి పొమ్మన్నారట. అందుకని బేస్‌బాల్ ఆడాడు. 1978లో కాలేజీ బేస్‌బాల్ జాతీయ ఛాంపియన్లు యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా. ఆ జట్టులో బంతి విసిరేవాళ్ళలో ఇతనూ ఒకడు.

గొప్పతనం ఎలా తేల్చారని కదా అడిగావు. పదమూడు సీజన్లు ఆడాడు, 1980 నుంచి 1992 దాకా. అందులో 1981 నుంచి 1991 వరకు వరసగా 11 సార్లు, లీగ్‌లోని మేటి ఆటగాళ్ళు ఆడే ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. మొత్తం లీగ్‌లో ఆ స్థానానికి మొదటి ఎంపిక అనదగ్గ ఆల్ ప్రో గౌరవం 9 సార్లు. లీగ్ 75 ఏళ్ళ జట్టులో ఉన్నాడు, 100 ఏళ్ళ జట్టులోనూ ఉన్నాడు. ఇవి ఇతరులు ఇచ్చిన తీర్పులు.

నా తీర్పుకి ఆధారం వేరే ఉంది. లెఫ్ట్ ట్యాకిల్‌ని అందరూ ఎందుకంత గొప్పగా చూస్తారంటే, కుడిచేతివాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగితే అతని వీపు ఎడమ వైపుకి ఉంటుంది. వీపు వెనక నుంచి వచ్చేవాణ్ణి అతను చూడలేడు. ఆ వీపుని కాచేవాడు లెఫ్ట్ ట్యాకిల్. అప్పటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ కెన్ ఆండర్సన్ కుడిచేతివాటం. మున్యోజ్ అతని వీపు కాశాడు, 1981లో ఆండర్సన్ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. 1979లో 4 గెలిచి 12 ఓడిన జట్టు, 1981లో 12 గెలిచి 4 ఓడింది. ఆ తర్వాత ఆ స్థానంలోకి బూమర్ ఎసైసన్ వచ్చాడు. ఎసైసన్‌ది ఎడమచేతివాటం! అతని వీపు కుడి వైపుకి. అంటే 1985 నుంచి చివరిదాకా, తన ఆటజీవితంలో సగం కంటే ఎక్కువ కాలం, మున్యోజ్ కాసింది క్వార్టర్‌బ్యాక్ కళ్ళెదుటి వైపే. అయినా ఏటేటా అతన్నే ఎన్నుకున్నారు. 1988లో ఎసైసన్ కూడా లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు, ఆ ఏడు బంతి పట్టుకుని పరిగెత్తే ఆటలో బెంగాల్సే లీగ్‌లో మొదటివాళ్ళు. నిలబడే చోటు వల్ల వచ్చిన పేరు కాదది, మనిషి వల్ల వచ్చింది.

ప్రశ్న: పాపం ఆయన జీవితంలో ఒక్కసారైనా బంతి పట్టుకున్నాడా? – గృహిణి, రాజమండ్రి

పట్టుకున్నాడమ్మా. ట్యాకిల్‌కి కూడా బంతి విసరాలంటే ముందుగా రిఫరీకి చెప్పి అనుమతి తీసుకోవాలి. అలా మొత్తం మీద 7 సార్లు బంతి అందుకున్నాడు. 18 గజాలు. అందులో 4 టచ్‌డౌన్లు, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చినవి.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీలో వాలీబాల్ ఆడతాడు. మోకాలికి ఆపరేషన్ అయింది. నా పని అయిపోయింది నాన్నా అంటూ గదిలోంచి రావడం లేదు. మీ ఆటగాడికీ మోకాలి ఆపరేషన్లయ్యాయని ఎక్కడో చదివాను. వాడికి చెప్పడానికి ఆ వివరాలు రాయగలరా? – ఒక తండ్రి, ఖమ్మం

రాస్తానండీ. అయితే ముందు ఒక మాట. అందరి మోకాళ్ళూ ఒక్కలా మానవు. మీ అబ్బాయి మళ్ళీ ఆడతాడా లేదా అన్నది వాడి డాక్టరు చెప్పాలి. నేను చెప్పేది, ఒక మనిషికి ఏం జరిగిందన్నది మాత్రమే.

మున్యోజ్ కాలిఫోర్నియాలోని ఒంటారియోలో పుట్టాడు. ఐదుగురు పిల్లల్ని తల్లి ఒక్కతే పెంచింది. కాలేజీలో మూడుసార్లు మోకాలి ఆపరేషన్. ఆఖరి ఏడాది, 1979లో, మొదటి మ్యాచ్‌లోనే మళ్ళీ మోకాలు పోయింది. ఇంటి కెళ్ళి కూర్చోవలసిన మనిషి, సీజన్ ఆఖరి మ్యాచ్‌కి వస్తానని పట్టుబట్టాడు. 1980 జనవరి 1, రోజ్ బౌల్ అనే కాలేజీ మ్యాచ్. ఎదురు జట్టు ఒహాయో స్టేట్. ఆఖరి రెండు నిమిషాల దాకా వెనకబడి ఉండి, బంతిని విసరకుండా, పట్టుకుని పరిగెత్తే 83 గజాలు నడిపి 17–16తో గెలిచారు. వాళ్ళ జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే చార్లెస్ వైట్ ఆ రోజు పరిగెత్తింది 247 గజాలు. ఆ దారి చేసినవాళ్ళలో నాలుగు నెలల క్రితం మోకాలు కోయించుకున్న ఇతనొకడు.

సిన్సినాటీ యజమాని పాల్ బ్రౌన్ కొడుకులతో సహా ఆ మ్యాచ్‌కి వెళ్ళాడు, ఈ మోకాలు ఒక్క ఆటకైనా నిలుస్తుందా అని చూడటానికి. చూస్తూ చూస్తూ తండ్రీకొడుకులు నవ్వేశారట, ఇంత బాగా ఆడేవాడి గురించా మనం సందేహపడింది అని. బెంగాల్స్ కోచ్ ఫారెస్ట్ గ్రెగ్ తన కాలంలో తనే గొప్ప ట్యాకిల్. ఆయన స్వయంగా వెళ్ళి, నన్ను ఆపు చూద్దాం అని మున్యోజ్ మీదికి వచ్చాడు. మున్యోజ్ రెండు చేతులూ వేశాడు, గ్రెగ్ వెల్లకిలా పడ్డాడు. పడేసినవాడు కంగారుపడి క్షమాపణ చెప్పాడు. లేచినవాడు వెంటనే మనసులో ఖాయం చేసుకున్నాడు. కాలేజీ ఆటగాళ్ళని లీగ్ జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1980లో, మూడో ఎంపిక.

మీ అబ్బాయికి చెప్పవలసిన అసలు భాగం ఇది. ఆ మోకాళ్ళతో వచ్చినవాడు మొదటి పన్నెండు సీజన్లలో గాయం వల్ల మానేసిన మ్యాచ్‌లు మూడే. ఇంట్లోనే బరువులు ఎత్తే గది కట్టించుకున్నాడు. రోజూ మూడు నాలుగు మైళ్ళు పరిగెత్తేవాడు. ఆఖరికి ఆటని ఆపేసింది మోకాలు కూడా కాదు. 1993లో టాంపా బే జట్టుతో ఇంకో ఏడు ఆడదామనుకుంటే, సీజన్ మొదలవకముందే భుజం దెబ్బతింది. అక్కడితో చాలించుకున్నాడు.

ప్రశ్న: మీరు ఈ ఆటని ఇంత మెచ్చుకుంటున్నారు. తలకి దెబ్బల సంగతి ఎందుకు రాయరు? మావాడు కూడా లైన్‌లో ఆడతానంటున్నాడు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి, న్యూజెర్సీ

తల్లీ, రాస్తాను. దాచితే తప్పు.

మున్యోజ్ ఆడిన కాలంలోనే పిట్స్‌బర్గ్‌కి మైక్ వెబ్‌స్టర్ అనే సెంటర్ ఉండేవాడు. నాలుగు సూపర్ బౌల్స్ గెలిచిన జట్టుకి నడుము లాంటివాడు. పదిహేడు సీజన్లు ఆడాడు. ప్రతి ఆటలోనూ బంతి వెనక్కి ఇవ్వడం, అదే క్షణంలో తల తలకి కొట్టుకోవడం. ఆట మానేశాక మతిమరుపు, డిప్రెషన్, ఇల్లూ వాకిలీ లేని తిరుగుడు. 2002లో యాభై ఏళ్ళకే పోయాడు. బెన్నెట్ ఒమాలు అనే డాక్టరు ఆయన మెదడుని పరీక్షించి, మళ్ళీ మళ్ళీ తగిలే దెబ్బల వల్ల వచ్చే జబ్బు, సీటీఈ, అందులో ఉందని 2005లో ప్రచురించాడు. లీగ్ ఆటగాడిలో అది బయటపడటం అదే మొదటిసారి. ఒక్క పెద్ద దెబ్బే కాదు, లైన్‌లో రోజూ తగిలే చిన్న చిన్న దెబ్బలు కూడా లెక్కలోకి వస్తాయని అప్పటి నుంచి జనానికి తెలిసింది.

నేను మున్యోజ్ చేతుల్ని ప్రేమించాను. వెబ్‌స్టర్ కథ తెలిశాక ఆ ప్రేమ పోలేదు, కానీ మా మనవడు లైన్‌లో ఆడతానన్నప్పుడు నేనూ రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ తర్వాత మా కోడలూ నేనూ కలిసి స్కూలుకి వెళ్ళి మూడు అడిగాం. ప్రాక్టీసులో కూడా అథ్లెటిక్ ట్రైనర్ పక్కనే ఉంటారా? వారానికి ఎన్ని రోజులు నిజంగా ఢీకొట్టిస్తారు? తల తిరుగుతోందని పిల్లాడు చెబితే ఆ రోజుకి ఆపేసి, డాక్టరు కాగితం తెచ్చేదాకా రానివ్వరు కదా? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పారు కాబట్టి ఒప్పుకున్నాం. తడుముకుంటే ఒప్పుకునేవాళ్ళం కాదు. మీరు కూడా అడగండి. జవాబు నచ్చకపోతే వద్దనండి. మీ నిద్ర మీకు ఊరికే పోవడం లేదు.

ప్రశ్న: రెండు సూపర్ బౌల్స్ ఆడి రెండూ ఓడిపోయాడు కదా? – క్రీడాభిమాని, హైదరాబాద్

అవును. 1982 జనవరిలో 26–21, 1989 జనవరిలో 20–16. రెండుసార్లూ శాన్ ఫ్రాన్సిస్కో చేతిలోనే. రెండూ కలిపి తేడా 9 పాయింట్లు. రెండోసారి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా 92 గజాలు నడిపించి, ఇంకా 34 సెకన్లుండగా గెలిపించాడు. ఆ 92 గజాలూ మున్యోజ్ మైదానం పక్కన నిలబడి చూడవలసిందే, ఎందుకంటే బంతి అవతలివాళ్ళ దగ్గరున్నంతసేపూ ఆఫెన్సివ్ లైన్‌కి లోపల పని ఉండదు. ఆ రాత్రి పెద్దమ్మ టీవీ కట్టేసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడకి ఆ బాధ పోయిందని నేను అనుకోను.

ప్రశ్న: వచ్చే వేసవిలో ఒహాయో వస్తున్నాం. ఆయనకి సంబంధించి చూడదగ్గదేమైనా ఉందా? – రిటైర్డ్ టీచర్, అనంతపురం

మాస్టారూ, రెండు చోట్లున్నాయి. సిన్సినాటీ స్టేడియంలో 2021లో జట్టు గొప్పవాళ్ళ పేర్లతో రింగ్ ఆఫ్ ఆనర్ పెట్టినప్పుడు మొదటి నాలుగు పేర్లలో ఇతని పేరుంది. పాల్ బ్రౌన్, కెన్ ఆండర్సన్, కెన్ రైలీ మిగతా ముగ్గురు. పిల్లల కోసం 2002లో మున్యోజ్ మొదలుపెట్టిన ఫౌండేషన్ కూడా ఈ ఊళ్ళోనే.

రెండోది కాంటన్ ఊళ్ళో, ఈ ఆటలో మేటివాళ్ళని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్. సిన్సినాటీ నుంచి కారులో మూడున్నర గంటలు. అర్హత వచ్చిన మొదటి ఏడే, 1998లో, అతన్ని అందులో చేర్చారు. ఆ రోజు వేదిక మీద పరిచయం చేసింది కొడుకు మైఖేల్. కంచు విగ్రహాలున్న గదిలో 1998 దగ్గర ఆగండి.

నేను పెద్దమ్మని తీసుకుని వెళ్ళాను. ముఖం బాగా చెక్కారు, మీసం కూడా. కానీ అక్కడ విగ్రహాలన్నీ భుజాల దాకానే. చేతులు లేవు. పెద్దమ్మ అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, "చేతులేవీ?" అంది. మీరు వచ్చేముందు 1982 జనవరి 10 మ్యాచ్ వీడియో దొరికితే ఒకసారి చూసి బయల్దేరండి. ఎడమ చివర, 78.